తాళం వేసిన ఇల్లు లెక్కలో ఎటు పోతుంది?

2024 నవంబరులో తెలంగాణ రాష్ట్రమంతటా కులం వివరాలు కూడా అడిగే సమగ్ర ఇంటింటి కుటుంబ సర్వే జరిగినప్పుడు ఎన్యుమరేటర్లుగా, అంటే ఇంటింటికీ పోయి వివరాలు రాసుకునేవారిగా, తిరిగిన ప్రాథమిక పాఠశాలల టీచర్లలో నేనూ ఒకణ్ణి. పొద్దున బడి, మధ్యాహ్నం సర్వే. హన్మకొండ శివార్లలో నాకు అప్పగించిన బ్లాకులో నూటయాభై దాకా ఇండ్లు. మొదట తలుపుల మీద స్టిక్కర్లు అంటించాం. తర్వాత ప్రశ్నల పట్టిక పట్టుకుని గడప గడపకూ తిరిగాం. అది పత్తి ఏరే కాలం, వరి కోతల కాలం. మధ్యాహ్నం రెండు గంటలకు పోతే వాడకట్టంతా తాళాలే. "ఎవ్వలు లేరు సారూ, పత్తేర పోయిండ్రు" అని పక్కింటి ముసలమ్మ అరుగు మీంచి కేకేసేది. "వాళ్ళ సంగతంతా నాకెర్కే, నేను చెప్త రాసుకో" అని కూడా అనేది.

రాసుకుంటే నా పని తొందరగా అయిపోయేది. రాసుకోకపోతే ఆ ఇల్లు ఖాళీగా మిగిలిపోతుంది. ఈ రెండింటిలో ఏది పెద్ద తప్పు అన్నది అప్పటి నుంచీ నన్ను వదలని ప్రశ్న. 2025 ఫిబ్రవరిలో ఆ సర్వే ఫలితాలు వచ్చాక టీ కొట్టు దగ్గరి నుంచి శాసనసభ దాకా అంకెల మీద వాదులాట నడిచింది. 2027 మార్చి 1ని ప్రాతిపదిక తేదీగా పెట్టుకుని, కుల వివరాలతో సహా జనగణన కూడా జరగనుంది. అంకె చేతికి వచ్చాక వాదించుకోవడం తేలిక. అది ఏ దారిన వచ్చిందో తెలిస్తేనే ఆ వాదనకు అర్థం ఉంటుంది.

కాంటా తేడా, కాంటా మోసం ఒకటి కాదు

వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో బస్తా తూకం వేయడం చూసినవారికి ఈ మొదటి సంగతి వెంటనే తెలిసిపోతుంది. కాంటా ఒక బస్తాకు వంద గ్రాములు ఎక్కువ, ఇంకో బస్తాకు వంద గ్రాములు తక్కువ చూపిందనుకోండి. వంద బస్తాలు తూచేసరికి ఎక్కువ తక్కువలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇది పొరపాటు. అదే కాంటా ప్రతి బస్తాకూ ఒక కిలో తక్కువ చూపేలా బిగించి ఉంటే? వంద బస్తాలకు వంద కిలోలు పోతాయి, వెయ్యి బస్తాలకు పది క్వింటాళ్ళు పోతాయి. ఎన్ని తూచినా నష్టం పెరుగుతుందే తప్ప సరికాదు. ఎప్పుడూ ఒకే వైపుకు లాగే ఈ రెండో తప్పునే గణాంక శాస్త్రంలో పక్షపాతం అంటున్నారు.

ఆ మాటతో నాకు కొంచెం పేచీ ఉంది. పక్షపాతం అనగానే ఎవరో కావాలని చేసినట్టు వినిపిస్తుంది. సర్వేల్లో అంకెను ఒక పక్కకు ఒరిగించే తప్పుల్లో ఎక్కువ భాగం ఎవరూ కావాలని చేయనివే. ఎండకు భయపడి వెనుక వీధికి పోకపోవడం, తాళం చూసి ముందుకు సాగడం, మొహమాటానికి ఒక జవాబు చెప్పడం, ఇవన్నీ అలాంటివే. అందుకే ఇక్కడ దాన్ని 'మొగ్గు' అంటాను. కావాలని చేసిన మోసాన్ని పట్టుకోవచ్చు. ఎవరికీ తెలియకుండా వచ్చిన మొగ్గును పట్టుకోవడం కష్టం.

బస్తాలో చేయి ఎక్కడ పెట్టాలి

అందరినీ అడగకుండా కొందరిని అడిగి అందరి సంగతీ చెప్పడాన్ని శాంపిల్ సర్వే అంటారు. మిర్చి కొనేవాడు బస్తా మొత్తం కుమ్మరించడు. అలాగని పైపై కాయలు చూసి ధర కట్టడు. చేయి లోపలిదాకా పెట్టి, అడుగు నుంచి కూడా గుప్పెడు తీస్తాడు. పైన ఎర్రటి కాయ పేర్చి లోపల తాలు ఉండవచ్చని అతనికి తెలుసు. గుప్పెడు ఎంత పెద్దదన్నది కాదు, ఎక్కడి నుంచి తీశాడన్నది అసలు సంగతి.

గణాంక శాస్త్రం దీన్ని ఒక నియమంగా చెబుతుంది: జాబితాలోని ప్రతి ఇంటికీ ఎంపికయ్యే అవకాశం ఉండాలి, ఆ అవకాశం ఎంతో ముందే తెలిసి ఉండాలి, ఎంపిక సర్వే చేసేవాడి ఇష్టం మీద ఆధారపడకూడదు. చీటీలు వేసి తీయడం అందరికీ తెలిసిన దారి. ఆ షరతు నెరవేరితే ఎంత తక్కువమందితో ఎంత దగ్గరగా చెప్పవచ్చో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. చీటీ పద్ధతిలో 100 మందిని అడిగితే వచ్చే శాతం అసలు శాతానికి దాదాపు 10 పాయింట్లు అటూ ఇటూగా ఉంటుంది. 400 మందిని అడిగితే 5, 1000 మందిని అడిగితే 3. నూటికి 95 సార్లు ఈ హద్దు లోపలే పడుతుంది. తేడాను సగానికి తగ్గించాలంటే మందిని నాలుగింతలు చేయాలన్నమాట. వరంగల్ నగరం 66 డివిజన్లకైనా, రాష్ట్రం మొత్తానికైనా ఈ 1000 మంది లెక్క దాదాపు ఒకటే. రాష్ట్రం పెద్దది కాబట్టి శాంపిల్ కూడా అంత పెద్దగా ఉండాలన్నది మనలో చాలామందికి ఉన్న అపోహ.

అయితే ఈ లెక్కంతా పొరపాటుకు సంబంధించింది. మొగ్గు గురించి అది ఒక్క ముక్కా చెప్పదు. "10 వేల మందిని అడిగాం" అన్న మాట వినగానే నమ్మకం కలగడం సహజమే. ఆ పదివేల మంది ఒక వాట్సాప్ గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకు పాకిన లింకు నొక్కినవారైతే, వాళ్ళు వాళ్ళ గురించి మాత్రమే చెప్పగలరు.

దీనికి పెద్ద ఉదాహరణ 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలు. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 23 లక్షలకు పైగా తిరిగివచ్చాయి. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని పత్రిక చెప్పింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. సుమారు 50 వేల మందిని మాత్రమే అడిగిన జార్జ్ గాలప్ అనే సర్వేల నిపుణుడు గెలిచేదెవరో సరిగ్గా చెప్పాడు. పత్రిక చిరునామాలు తీసుకున్నది టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి, అంటే కలిగినవారి జాబితాల నుంచి. తప్పంతా అక్కడే ఉందని చాలాకాలం చెప్పుకున్నారు. తర్వాతి పరిశోధకులు ఇంకో కారణాన్నీ ముందుకు తెచ్చారు. బ్యాలెట్ అందినవారిలో నాలుగింట మూడు వంతుల మంది జవాబే పంపలేదు. పంపినవారిలో రూజ్‌వెల్ట్ మీద కోపం ఉన్నవారే ఎక్కువ. జాబితా తప్పా, జవాబు రాకపోవడం తప్పా అన్న చర్చలో రెండు వైపులా బలం ఉంది. నాకు మాత్రం రెండోదే ఎక్కువ భయం కలిగిస్తుంది. జాబితాను ముందే సరిచూసుకోవచ్చు. జవాబు చెప్పనివాడి మనసులో ఏముందో చూడలేం.

తాళాలను అంకెల్లో పెడితే

ఒక కాలనీలో 100 ఇండ్లు ఉన్నాయనుకుందాం. నల్లా నీళ్ళు వచ్చే వేళ మీకు అనుకూలమేనా అన్నది ప్రశ్న. పగలు పోతే 60 ఇండ్లు తెరిచి ఉన్నాయి, 40 ఇండ్లకు తాళం. తెరిచి ఉన్న 60లో 18 ఇండ్లవారు అనుకూలం కాదన్నారు. "30 శాతం మందికే ఇబ్బంది" అని రిపోర్టు రాసేయవచ్చు, అందులో అబద్ధమూ ఉండదు. కానీ తాళం వేసిన ఇండ్లు ఎవరివి? ఆలుమగలిద్దరూ పనికి పోయేవారివి. నీళ్ళు పట్టుకునే వేళకు ఇంట్లో మనిషే ఉండడు. ఆ 40లో 28 ఇండ్లకు ఇబ్బంది ఉందనుకోండి. 18, 28 కలిపితే 46. అసలు ఇబ్బంది 46 శాతం, మనం చెప్పింది 30. అడిగిన ప్రశ్నే తాళానికి కారణంతో ముడిపడి ఉన్నప్పుడు మొగ్గు ఇంత పెద్దదవుతుంది. అదే "మీ కాలనీ పేరేమిటి" అని అడిగితే తాళాలున్నా జవాబు మారదు.

దీన్ని సరిచేసే దారులున్నాయి. సాయంత్రమో, ఆదివారమో మళ్ళీ పోవడం మొదటిది. 40 ఇండ్లలో 10 మాత్రమే దొరికాయనుకోండి, వాటిలో 7 ఇండ్లవారు ఇబ్బంది ఉందన్నారు. ఒక్కో ఇంటిని నాలుగిండ్లకు ప్రతినిధిగా లెక్కిస్తే 7 నాలుగులు 28. మళ్ళీ 46కే చేరాం. గణాంకాల్లో దీన్ని బరువు ఇవ్వడం అంటారు. ఇందులో ఒక మెలిక ఉంది: దొరికిన ఆ పదీ, దొరకని ముప్ఫైలాంటివే అని మనం నమ్ముతున్నాం. పదిళ్ళూ ఆఫీసు ఉద్యోగులవై, ముప్ఫై ఇండ్లు రాత్రి షిఫ్టు కూలీలవైతే ఆ నమ్మకం నిలవదు.

తాళం వేసిన ఇంటికి బదులు పక్కింటివారిని అడిగి సంఖ్య పూర్తిచేయడం క్షేత్రంలో అందరికీ తగిలే ఆశ. కాగితం మీద 100కు 100 కనిపిస్తాయి. ఎప్పుడూ తెరిచి ఉండే ఇంటినే రెండుసార్లు అడిగినట్టవుతుంది.

తాళం వేసినవారే కాదు, ఊరే వదిలి పోయినవారి సంగతి ఇంకా కష్టం. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవారిని "ఈ వృత్తిలో బతుకు గడుస్తోందా" అని అడిగారనుకుందాం. ఎక్కువమంది ఏదో గడుస్తోందనే అనవచ్చు. ఓరుగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ గడవనివారు ఎప్పుడో సూరత్‌కో భివండికో పోయారు, మగ్గం అమ్మేశారు. వాళ్ళు మన శాంపిల్‌లో ఉండే అవకాశమే లేదు. మిగిలినవారిని చూసి అందరి గురించీ చెప్పే ఈ తప్పు మన ప్రాంతంలో చాలా లెక్కల్లో దాక్కుని ఉంది. పాత విద్యార్థుల విజయాల గురించి కాలేజీలు వేసే ప్రకటనల్లోనూ అదే.

జవాబు చెప్పించే ప్రశ్న

సరైన ఇంటికి పోయి, సరైన మనిషినే అడిగామనుకుందాం. అప్పుడు కూడా మొగ్గు ప్రశ్నలోంచి రావచ్చు. "నీళ్ళు సరిగా రావడం లేదని అందరూ అంటున్నారు, మీరేమంటారు?" అని అడిగితే సగం జవాబు మనమే అందించాం. "పోయిన 7 రోజుల్లో ఎన్ని రోజులు నల్లా వచ్చింది?" అన్నది వేరు. అది అభిప్రాయం అడగడం లేదు, జరిగింది అడుగుతోంది, గుర్తుపెట్టుకోగలిగినంత కాలాన్నే అడుగుతోంది.

వయసు అడిగితే మరో చిత్రం. "ఎన్నేండ్లమ్మా?" అంటే "యాభై ఏస్కో బిడ్డా" అంటారు. అలా అందరి వయసులూ సున్నాతోనో అయిదుతోనో ముగుస్తాయి. 49, 51 ఏండ్లవారు ఊళ్ళో మాయమైపోయి 50 ఏండ్లవారు కుప్పపడతారు. జనాభా శాస్త్రజ్ఞులు ఈ కుప్పను కొలవడానికే ఒక సూచిక పెట్టుకున్నారు. ఆధార్ కార్డు చూద్దామంటే చాలామంది పెద్దవాళ్ళకు పుట్టినరోజు జనవరి 1. కార్డు చేసేవారు రాసిన తేదీ అది, అమ్మమ్మ పుట్టింది ఆ రోజు కాదు.

ఆస్తి, అప్పు, భూమి అడిగినప్పుడు ముఖంలో ఇంకో ప్రశ్న కనబడుతుంది: "చెప్తే రేషన్ కార్డు పోతదా సారూ?" ఆ భయాన్ని నేను తప్పుపట్టను. పేరు, ఇంటి నంబరు రాసుకుంటూ ఆదాయం అడిగితే తక్కువ చెప్పడం ఎవరికైనా సహజం. పేర్లు లేకుండా అడిగితే నిజం కొంత ఎక్కువ వస్తుంది. కానీ పేరు లేని లెక్కతో పథకం ఏ ఇంటికి అందాలో తేల్చలేం. నిజం కోసం ఒకటి, పంపకం కోసం ఒకటి, రెండూ ఒకే కాగితం మీద అడగకూడదని కొందరంటారు. రెండుసార్లు తిరిగే ఖర్చు ఎవరు భరిస్తారని ఇంకొందరంటారు. ఓటు సంగతీ అంతే. 2024 లోక్‌సభ ఎన్నికల్లో చాలా ఎగ్జిట్ పోల్స్ ఎన్డీయేకు 350 దాటించాయి. వచ్చినవి 293. ఓటరు బయటికి చెప్పలేదన్నది ఒక వాదన, ఓట్ల శాతాన్ని సీట్లుగా మార్చే లెక్కే తప్పిందన్నది మరో వాదన. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

అడిగేవాడి చేతిలోనూ మొగ్గు ఉంటుంది. 1931లో కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించిన మహలనోబిస్ బెంగాల్ పంటల సర్వేల్లో ఇది పట్టుకున్నారు. దిగుబడి తెలుసుకోవడానికి పొలంలో చిన్న గడి గీసి, అందులోని పంట కోసి తూస్తారు. గడి చిన్నదయ్యేకొద్దీ దిగుబడి ఎక్కువ వచ్చినట్టు కనిపించింది. కారణం గీత. గీత మీద నిల్చున్న వరి దుబ్బును లోపలిదిగా కోసేయడం చేతికి అలవాటు. మీటరు పొడవు, మీటరు వెడల్పు గడికి చుట్టు గీత 4 మీటర్లు, అంటే చదరపు మీటరుకు 4. అయిదు మీటర్ల గడికి చుట్టు గీత 20, లోపల 25 చదరపు మీటర్లు, అంటే చదరపు మీటరుకు 0.8 మాత్రమే. గీత తప్పు అయిదో వంతుకు దిగింది. ఇప్పుడు మన వరి పొలాల్లో పంట కోత ప్రయోగాలకు 5 మీటర్ల గడి గీస్తున్నారంటే దాని వెనుక ఈ ఆలోచన ఉంది. మహలనోబిస్ ఇంకో పని కూడా చేశారు. ఒకే ప్రాంతానికి రెండు జట్లను విడివిడిగా పంపి, ఇద్దరి అంకెలూ పోల్చారు. తేడా పెద్దదైతే అది పొలంలోది కాదు, మనిషిలోది. ఇది నాకు తెలిసిన అతి నిజాయితీ గల పద్ధతి, ఖర్చుకు భయపడి మనం తరచూ వదిలేసే పద్ధతి కూడా.

జెండా పాట నిజమే, సగటూ నిజమే

సేకరణ అంతా సవ్యంగా జరిగినా, ఏ అంకెను బయటికి చెప్పాలన్న ఎంపికలో మొగ్గు దూరుతుంది. మార్కెట్‌లో పొద్దున్నే పాడే జెండా పాట ధర, అంటే ఆ రోజు మొదటి వేలంలో మేలు రకానికి పలికిన ధర, మర్నాడు పేపర్లో పెద్ద అక్షరాల్లో వస్తుంది. 100 సమాన బస్తాల్లో 5 మేలు రకం బస్తాలు క్వింటాకు 15,000, 60 బస్తాలు 12,000, తాలు కలిసిన 35 బస్తాలు 8,000 పలికాయనుకుందాం. గరిష్ఠ ధర 15,000. ఎక్కువ బస్తాలు పలికిన ధర, అంటే బాహుళకం, 12,000. వరసలో పేరిస్తే నడుమ నిలిచే మధ్యగతమూ 12,000. సగటు 10,750. అన్నీ నిజాలే. తాలు బస్తా అమ్మి ఇంటికి తిరిగిన రైతుకు ఇందులో ఏదీ తన సంగతిగా కనబడదు.

ఇంకో ఉదాహరణ ఆసుపత్రులది, దీన్ని కొంచెం నిదానంగా చూడాలి. అంకెలు ఊహించినవే. ఒక పెద్ద సర్కారు ఆసుపత్రికి 1000 మంది రోగులు వచ్చారు. 800 మంది పరిస్థితి విషమం, వారిలో 80 మంది చనిపోయారు. 200 మందివి చిన్న జబ్బులు, ఒకరు చనిపోయారు. మొత్తం 81, అంటే 8.1 శాతం. ఒక నర్సింగ్ హోముకు 1000 మంది వచ్చారు. విషమంగా ఉన్నవారు 100, చనిపోయినవారు 15. చిన్న జబ్బులవారు 900, చనిపోయినవారు 9. మొత్తం 24, అంటే 2.4 శాతం. పైపైన చూస్తే నర్సింగ్ హోమే మేలు. విడదీసి చూడండి: విషమ రోగుల్లో పెద్దాసుపత్రిలో 10 శాతం, అక్కడ 15. చిన్న జబ్బుల్లో ఇక్కడ 0.5, అక్కడ 1. రెండింటిలోనూ పెద్దాసుపత్రే మెరుగు. జిల్లాల నుంచి చివరి ఘడియలో అంబులెన్సులో వచ్చేవారంతా అక్కడికే రావడం వల్ల మొత్తం అంకె చెడ్డగా కనిపించింది.

3.1 శాతం ఎంత దూరం లాగగలదు

ఇప్పుడు మన సర్వే. 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన ప్రకారం 96.9 శాతం ఇండ్లను చేరారు, 3.54 కోట్ల మంది వివరాలు నమోదయ్యాయి. బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45, ఇతరులు 15.79. ఇది శాంపిల్ కాదు, అందరినీ అడగాలనుకున్న లెక్క. కాబట్టి 1000 మంది, 3 శాతం తేడా అన్న సూత్రం ఇక్కడ పనికిరాదు. అందని ఇండ్లు, తప్పు జవాబులు, ఈ రెండే ప్రశ్నలు.

అందని ఇండ్ల మొగ్గుకు హద్దు కట్టవచ్చు. మనుషుల్లోనూ 3.1 శాతమే అందలేదనుకుందాం. 56.33ను 0.969తో గుణిస్తే 54.6. అందనివారిలో ఒక్కరూ బీసీ కారనుకుంటే అసలు వాటా 54.6 శాతం. అందరూ బీసీలే అనుకుంటే దానికి 3.1 కలిపి 57.7. నిజం ఈ రెండింటి నడుమనే ఉంటుంది. అందని ఇండ్ల వల్ల మొత్తం బీసీ వాటా ఇంతకుమించి కదలలేదు. తప్పుగా రాసిన, తప్పుగా చెప్పిన జవాబుల సంగతి ఈ హద్దులో లేదు. చిన్న వాటాగల ఇతర వర్గాలకు, ముఖ్యంగా చిన్న కులాలకు, అదే 3.1 చాలా పెద్ద లాగుడు అవుతుంది.

వాదన ఎక్కువగా నడిచింది 2014తో పోలిక మీద. ఆ ఏడాది ఆగస్టు 19న ఒక్కరోజులో రాష్ట్రమంతా ఇంట్లో కూర్చుని లెక్క చెప్పింది. ముంబై నుంచి, సూరత్ నుంచి బస్సుల్లో రైళ్ళల్లో కిక్కిరిసి వచ్చారు. అప్పటికన్నా బీసీలు తగ్గారని విమర్శకులన్నారు, ఈసారిది వారాలపాటు పద్ధతిగా తీసిన లెక్క అని ప్రభుత్వ పక్షమంది. పోల్చేముందు రెండు సంగతులు చూడాలి. 56.33లో ముస్లిం బీసీలు 10.08, మిగతా బీసీలు 46.25. ఒకరు 46 పట్టుకుని, ఇంకొకరు 56 పట్టుకుని వాదిస్తే అది లెక్కల తగాదా కాదు, గీత ఎక్కడ గీయాలన్న తగాదా. రెండోది, పద్ధతులే వేరు. ఒక్కరోజు లెక్కలో మనిషి రెండుచోట్ల పడే ప్రమాదం తక్కువ, కానీ రాలేనివారు జారిపోతారు, ఎన్యుమరేటర్‌కు తొందర. వారాల లెక్కలో మళ్ళీ మళ్ళీ పోవచ్చు, కానీ ఈలోగా మనుషులు కదులుతారు. మిగిలిపోయినవారికి 2025 ఫిబ్రవరి 16 నుంచి 28 దాకా మళ్ళీ అవకాశమిచ్చారు. ఆసక్తి ఉండి ముందుకు వచ్చినవారితో, మనమే వెతుక్కుంటూ పోయి కలిసినవారితో నిండే ఖాళీలు ఒకేలా ఉండవు.

రాబోయే జనగణనలో ఇంటివారే ఫోనులో వివరాలు నింపుకునే వీలుంది. నింపనివారి గడపకు ఎన్యుమరేటర్ రావాల్సిందే. ఫోను వాడేవారి జవాబులూ, మనిషి ఎదుట చెప్పిన జవాబులూ ఒకే తీరుగా వస్తాయా అన్నది నేను ఆత్రంగా చూడబోయే విషయం.

నా బ్లాకులో ఆ తాళం వేసిన ఇంటికి నాలుగుసార్లు పోయాను. అయిదోసారి రాత్రి ఏడున్నరకు పోతే లోపల దీపం వెలుగుతోంది. పొలం నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు. ముసలమ్మ నాతో నలుగురుంటారని చెప్పింది. చనిపోయిన చెల్లెలి పిల్లలు ముగ్గురిని వాళ్ళు ఆ దసరాకే తెచ్చుకున్నారట, ఆమెకు తెలియదు. ఏడో పేరు రాసేసరికి ఎనిమిది దాటింది.